నాలుగు ఛత్రీలు, ఒక సూర్యుడు

అక్టోబరు ఏడో తేదీన నాగభూషణం రెండు ఘారీలు తిన్నాడు. డాక్టరు ఒకటి కూడా వద్దన్నాడు.

శరత్పూర్ణిమ మర్నాటి సాయంత్రం సూరత్‌లో ఇంట్లో కూర్చుని అన్నం తినేవాళ్లుండరు. డాబాల మీద చాపలు పరిచి, నెయ్యి గడ్డకట్టిన తియ్యటి ఘారీ, పక్కన కారంకారంగా భూసు అనే మిక్చరు పెట్టుకుని వెన్నెలకు ఎదురుగా కూర్చుంటారు. ఉధ్నాలో నాగభూషణం ఉండే మూడంతస్తుల బిల్డింగులోనూ అంతే. మొదటి ఘారీ తినేటప్పుడు ఆయన బుద్ధిగానే ఉన్నాడు. రెండోది లోపలికి వెళ్లాకే నోరు జారింది. అందరూ చంద్రుణ్ని తెగ మెచ్చుకుంటుంటే పాపం సూర్యుడి తరఫున మాట్లాడేవాడు ఒక్కడూ లేడనిపించి, గొంతు సవరించుకుని, ఈ డాబా మీద దిక్కూమొక్కూ లేకుండా పడి ఉన్న పాత టీవీ డిష్‌లతో సూర్యుడి వెడల్పెంతో కొలిచి చూపిస్తానని ప్రకటించాడు.

ప్రకటించాక పక్కకి చూశాడు. భార్య ఛాయాదేవి ఉండి ఉంటే ఈపాటికి ఆయన మోచెయ్యి గిల్లి ఉండేది. ఆమె పోయి రెండేళ్లవుతోంది. గిల్లే మనిషి లేకపోతే మగవాడు మొదలుపెట్టిన ప్రతి మాటా చివరికంటా మాట్లాడేస్తాడు. దానికి తోడు ఎదురుగా కూర్చున్న మార్కండేయ, "అయితే ఎన్నడు కొలుస్తరు సార్?" అని అడిగాడు. అది భక్తో వెటకారమో తేల్చుకోవడం కష్టం. మార్కండేయది ఎప్పుడూ అదే గొంతు.

మార్కండేయ వాళ్లు తండ్రి కాలంలో సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వెనక గల్లీలో ఆయనకు మరమగ్గాల కార్ఖానా ఉంది. కింది అంతస్తులో కాపురం. భార్య భాగ్యలక్ష్మి, ఛాయాదేవి పోయినప్పటి నుంచీ, "ఎక్కువైంది" అనే సాకుతో వారంలో సగం రోజులు ఒక గిన్నె కూర పైకి తెచ్చి ఇస్తుంది. అన్నేళ్ల కాపురం చేసిన ఇల్లాలికి కొలత తెలియకుండా సగం రోజులు కూర ఎక్కువ కావడమేమిటని నాగభూషణం ఎన్నడూ అడగలేదు. కొన్ని దయలను ప్రశ్నలు అడక్కుండా తినెయ్యాలి.

నాగభూషణం బాపట్లలో బీయస్సీ ఫిజిక్స్ చదివి, రైల్వేలో సిగ్నల్, టెలికాం శాఖలో చేరి, ఉధ్నాలోనే రిటైరయ్యాడు. పిల్లల్లేరు. రిటైరయ్యాక ఆయనకు పెద్దగా కష్టాలేమీ రాలేదు. ఒక్కటే కష్టం, పొద్దుటి కాఫీకీ మధ్యాహ్నం భోజనానికీ మధ్య ఉండే ఖాళీ. భార్య ఉన్నన్నాళ్లూ ఆ వేళ ఆమె ఏదో ఒక పని పురమాయించేది, ఆయన దాన్ని చెడగొట్టేవాడు, ఆమె మళ్లీ చేసుకునేది. ఆ విధంగా ఇద్దరికీ పొద్దు గడిచేది. ఆమె పోయాక ఆ ఖాళీలో ఆయన గోడ గడియారం వంక చూస్తూ కూర్చునేవాడు. అది కూడా ఆయన వంకే చూసేది.

అలాంటి రోజుల్లోనే విజయవాడ కాలేజీలో పాఠాలు చెప్పే ఇందుజ అనే అమ్మాయి నడుపుతున్న బృందం సంగతి తెలిసింది. ఏడెనిమిది ఊళ్లలో రేడియో పిచ్చి ఉన్నవాళ్లు ఎవరి డాబా మీద వాళ్లు చిన్న టెలిస్కోపు కట్టుకుంటారు. నవంబరు చివరి ఆదివారం మధ్యాహ్నం అందరూ కలిసి ఒకేసారి సూర్యుణ్ని వినాలి. కాకపోతే ఒక నియమం. ముందుగా ప్రతివాళ్లూ సూర్యుడి వెడల్పు సరిగ్గా కొలిచి, తమ పరికరానికి చెవులున్నాయని రుజువు చేసుకోవాలి. మూడు అవకాశాలిస్తారు. మూడూ తప్పితే ఈ ఏడాదికి పక్కన కూర్చోవాలి.

ఆ నియమం విని నాగభూషణం నవ్వుకున్నాడు. సూర్యుడి వెడల్పు పసిపిల్లలకు కూడా తెలుసు. చెయ్యి చాపి చిటికెనవేలు అడ్డం పెడితే పూర్తిగా దాక్కుంటాడు. తెలిసిన జవాబు రాబట్టడానికి మూడు అవకాశాలెందుకు?

దీపావళికి ముందే పని మొదలైంది. బిల్డింగులో అందరూ ఇంటర్నెట్‌లో సినిమాలు చూడటానికి అలవాటుపడ్డాక డిష్‌లు, అక్కడివాళ్ల మాటలో ఛత్రీలు, తుప్పు పట్టి పడి ఉన్నాయి. వాటిలో నాలుగు ఏరి, ఇనప స్టాండ్లకు బిగించి, గాలికి పడిపోకుండా కాళ్ల మీద ఇటుకలు పెట్టి, డాబా మీద తూర్పు పడమరలుగా ఒక వరసలో నిలబెట్టాడు. నాలుగింటినీ సూర్యుడు మధ్యాహ్నం వచ్చే చోటికి గురిపెట్టాడు. సూర్యుడు వెలుగొక్కటే కాదు, రేడియో తరంగాలు కూడా పంపుతాడు. మబ్బు పట్టినా అవి ఆగవు. రెండు డిష్‌లు పట్టిన సంకేతాన్ని కలిపితే, సూర్యుడు వాటి ముందు నుంచి జరిగిపోతున్నంతసేపూ లాప్‌టాప్ మీద గీత అలలా లేచి పడుతుంది. డిష్‌ల మధ్య దూరం పెంచేకొద్దీ అల ఎత్తు తగ్గుతుంది, ఎందుకంటే సూర్యుడు చుక్క కాదు, పళ్లెం. ఎంత దూరంలో అల ఎంత తగ్గిందో చూస్తే పళ్లెం ఎంతదో తేలుతుంది.

అసలు తెలివంతా డిష్‌లను ఎక్కడ పెట్టాలన్న దాంట్లో ఉంది. నాలుగింటినీ సమదూరంలో పెడితే ఏ జత చూసినా అవే దూరాలు మళ్లీ మళ్లీ వస్తాయి. భజనలో నలుగురూ ఒకే చరణం పట్టుకున్నట్టు. అందుకని మొదటి దానికి గజం దూరంలో రెండోది, నాలుగు గజాల దూరంలో మూడోది, ఆరు గజాల దూరంలో నాలుగోది. అప్పుడు ఒకటి నుంచి ఆరు దాకా ఏ దూరం కావాలన్నా ఏదో ఒక జత దగ్గర దొరుకుతుంది. ఇది నాగభూషణం కనిపెట్టింది కాదు, పెద్ద పెద్ద రేడియో టెలిస్కోపులవాళ్ల పద్ధతే. అయినా డాబా మీద ఎవరైనా అడిగితే మటుకు తన సొంత ఆస్తిలాగే చెప్పేవాడు. టేపు పెట్టి కొలిచి, సుద్దముక్కతో నాలుగు చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క మీద ఒక్కో డిష్ కూర్చోబెట్టి, చేతులు దులుపుకున్నాడు.

దీపావళి కడుగుళ్లయ్యాక చూస్తే చుక్కలు చెక్కుచెదరలేదు. పైగా ఒక్కో చుక్క చుట్టూ చిన్న ముగ్గుపువ్వు కూడా ఉంది. భాగ్యలక్ష్మి పనే. ఆయన మనసు చల్లబడింది. ఎన్ని బకెట్ల నీళ్లు పోసినా చెరగని సుద్ద తయారుచేసిన కంపెనీని కూడా మనసులో మెచ్చుకున్నాడు.

మొదటిసారి కొలిస్తే సూర్యుడు ఉండాల్సినదానికి ఒకటిన్నర రెట్లు వచ్చాడు.

నాగభూషణం లెక్క రెండోసారి చూసుకోకుండానే పంపేశాడు. ఈమధ్య సూర్యుడి మీద అలజడి ఎక్కువగా ఉందని చదివాడు. ఆ అలజడికి సూర్యుడు ఉబ్బి ఉంటాడని కింద ఒక వ్యాఖ్య కూడా రాశాడు. ఇందుజ ఫోను చేసింది. చాలా మర్యాదగా మాట్లాడింది.

"సార్, మా విజయవాడలో సూర్యుడు మామూలుగానే ఉన్నాడండీ. మీ దగ్గర ఒక్కచోటే ఉబ్బాడంటే కాస్త చూసుకోవాలేమో."

చూసుకున్నాడు. అప్పుడు ఇంకో వింత బయటపడింది. అన్ని జతలూ సూర్యుణ్ని పెద్దగా చూపించడం లేదు. మొదటి రెండు డిష్‌ల జత చెప్పే సూర్యుడు గుమ్మడికాయంత. మధ్య జత చెప్పేది నిమ్మకాయంత. చివరి జత మాత్రం అచ్చంగా సూర్యుడంతే చెబుతోంది. ఇలాంటి వేళ తెలివైనవాడు డిష్‌ల దగ్గరికి వెళ్లి చూస్తాడు. నాగభూషణం అంతకన్నా చదువుకున్నవాడు. మెట్ల గది నీడలో లాప్‌టాప్ ముందు కూర్చుని ఆలోచించాడు. ఆలోచించి, తప్పు మార్కండేయ మగ్గాలదని తేల్చాడు.

కార్ఖానాకు వెళ్లి, మగ్గాల మోటార్ల నుంచి పుట్టే విద్యుత్ రొద తన పరికరాలను చెడగొడుతోందని, మధ్యాహ్నం కాసేపు ఆపితే శాస్త్రానికి మేలు చేసినవాడివవుతావని చెప్పాడు. ఆ మోతలో సగం మాటలు వినబడలేదు. వినబడిన సగానికే మార్కండేయ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"సూర్యుని కోసం సాంచెలు బంద్ పెట్టమంటరు. మంచిదే. రేపు సేఠొచ్చి మాల్ ఏదిరా అంటే ఏం జెప్పాలె సార్? సూర్యునికి జర పరేషాన్ అయితున్నదనాల్నా?"

అయినా మంచివాడు. కార్ఖానాకు సెలవున్న రోజు కబురు పంపాడు. ఆ రోజు గల్లీ అంతా నిశ్శబ్దం. సూర్యుడు మాత్రం ఎప్పటిలాగే గుమ్మడికాయా నిమ్మకాయా. ఆ తరవాత నాగభూషణం కేబుళ్లను అనుమానించాడు, లాప్‌టాప్‌ను అనుమానించాడు, ఎదురింటి గుజరాతీవాళ్ల నీళ్ల ట్యాంకును అనుమానించాడు. చివరికి తన వయసును కూడా అనుమానించాడు. రెండో ఫలితం కూడా తప్పుల్లోనే కలిసిపోయింది. రైల్వేలో చేరిన ప్రతి కుర్రాడికీ ఆయన చెప్పిన మొదటి పాఠం, కేబులు తెగిందని నేల తవ్వే ముందు వైరు సాకెట్‌లో ఉందో లేదో చూడమని. ఆ పాఠం విన్నవాళ్లంతా పైకొచ్చారు. చెప్పినవాడు నేల తవ్వుతున్నాడు.

ఇక మిగిలింది ఒక్క అవకాశం. ఆదివారం అందరూ వినాలి; శనివారం సాయంత్రంలోగా సరైన ఫలితం పంపాలి. అంతవరకూ ఇదంతా సరదా అనే అనుకున్నాడు. శుక్రవారం పడుకోబోతూ, ఇది కూడా పోతే ఎల్లుండి నుంచి కాఫీ తాగాక ఏం చెయ్యాలో ఆలోచించాడు. ఏమీ తోచలేదు. గోడ గడియారం ఒక్కటే తోచింది. తనకు సూర్యుడి కొలతలతో నిజంగా పనేమీ లేదనీ, మెట్లెక్కడానికి ఒక కారణం కావాలనీ అప్పుడు తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ ఆ ముక్క తెలియకుండా శాస్త్రం శాస్త్రం అని ఊరంతా చెప్పుకున్నందుకు సిగ్గేసింది.

శనివారం తెల్లవారకముందే మెలకువ వచ్చింది. ఎన్నడూ లేనిది, పాలప్యాకెట్టు కూడా తీసుకోకుండా డాబా ఎక్కాడు. అక్కడ భాగ్యలక్ష్మి చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, డాబా కడుగుతోంది. ఆమె చేతుల్లో ఆయన రెండో డిష్ ఉంది. ఇటుకలు పక్కన దించి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పక్కకు తీసుకెళ్తోంది.

నాగభూషణం గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆమె నీళ్లు పోసి, చీపురుతో తోసి, తడి ఆరిన చోట ముగ్గుపిండితో చుక్క పెట్టి, డిష్ తెచ్చి దాని మీద దించింది. దించి, వెనక్కి జరిగి, వరసంతా ఒక కన్ను మూసి చూసుకుంది. డిష్‌లు నాలుగూ సైనికుల్లా సమదూరంలో నిలబడి ఉన్నాయి.

"రోజూ ఇలాగే చేస్తున్నావా అమ్మా?" అన్నాడు.

ఆమె ఉలిక్కిపడి, కొంగు సర్దుకుని, నవ్వింది. "గంతే గదన్నా. కడిగి మల్ల దేని జాగల దాన్ని పెడ్తున్న. మీకేం తక్లీబ్ కావద్దని."

"దేని జాగాలో దాన్నే?"

"ఆ రెండోది ఒక్కటి జరిపిన." ఇప్పుడామె గొంతులో కొంచెం పెద్దరికం వచ్చింది. "మీరు పెద్ద సదువు సదివిన్రు గాని, సుక్కలు వెట్టుడు మీకు రాదన్నా. రెండు అంటుకొని ఉన్నయ్, రెండు యాడనో ఉన్నయ్. గట్ల సూస్తే నాకు పొద్దుగాల బువ్వ సయించది. దీపావళికే సక్కగ జేసిన. వదినె ఉంటే గిట్ల వంకర ఉండనిస్తుండెనా?"

నాగభూషణం నిజాయితీగా ఆలోచించాడు. ఉండనిచ్చేది కాదు. తలుపు ముందు ఛాయాదేవి పెట్టిన చుక్కల మీద పొరపాటున అడుగేసి ఆయన తిన్న తిట్లు తక్కువేమీ కావు. ఇదే డాబా మీద ఆమె ఉండి ఉంటే మొదటి రోజే రెండో డిష్‌ను జరిపి, జరిపినట్టు కూడా చెప్పేది కాదు. గుమ్మడికాయ, నిమ్మకాయ, కార్ఖానాలో గోక్కున్న గడ్డం, ఉబ్బిన సూర్యుడి మీద తాను రాసిన వ్యాఖ్య, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. కూర్చుండిపోయి నవ్వడం మొదలుపెట్టాడు. తడి నేల మీద కూర్చున్నానని కూడా చూసుకోలేదు. అది కూడా చూసుకోలేదు మరి.

ఆమెకు భయం వేసింది. ఏమైందన్నా, పైలమేనా అని దగ్గరికొచ్చింది. అప్పుడు ఆయన చెప్పాడు. కోప్పడకుండా, పొగడకుండా, భజన పోలికతో సహా అంతా చెప్పాడు. రెండోది మొదటిదానికి గజం దూరంలోనే ఉండాలనీ, వంకర అనేది కావాలని పెట్టిందనీ, రోజూ డిష్‌ల పక్క నుంచే నడిచి వెళ్లి కూడా గజం తేడా తన కంటికి ఆనలేదనీ చెప్పాడు.

భాగ్యలక్ష్మి ముఖం వాడిపోయింది. "అంటే నెల దినాల సంది మీ పనంత నేనే కరాబ్ జేసిన్నా?"

"కొలుచుకోనిది నేను. నువ్వు కడిగావు, ముగ్గు పెట్టావు. డిష్ నీ దారికి అడ్డమని బయట పారెయ్యలేదు."

ఆమె కాసేపు చీపురు పుల్లలు సర్దుతూ నిలబడింది. డిష్‌ను పాత చోటికి జరపడానికి ఆమెకు అభ్యంతరం లేదు. కానీ ఇంకో బాధ ఉంది. అది కూడా మెల్లగా బయటపెట్టింది. చుట్టుపక్కల డాబాల వాళ్లందరికీ ఈ ముగ్గు ఎవరు పెడతారో తెలుసు. మొదట్లో వంకరగా ఉన్నప్పుడే ఎదురింటి ఊర్మిళ, మీ ఛత్రీలు తాగి నిలబడ్డాయా అని అడిగిందట.

"మీకు సూర్యుడు సక్కగ రావాలె. నాకు వరస సక్కగుండాలె. రెండు గావాలంటే ఎట్లన్నా?"

ఇది రేడియో శాస్త్రంలో ఎక్కడా రాయని ప్రశ్న. నాగభూషణం లేచి, వెనకవైపు తడి పంచె పిండుకుని, వరస పొడవునా రెండుసార్లు అటూ ఇటూ నడిచాడు. ఆ తరవాత ముగ్గుపిండి చిప్ప తీసి ఆమె చేతికిచ్చాడు.

"గజానికొక చుక్క పెట్టు. మొత్తం ఏడు చుక్కలు. చుక్కల వరస నీది, తిన్నగా ఉంటుంది. ఛత్రీలు నావి, వాటికి కావలసిన చుక్క మీద అవి కూర్చుంటాయి. మిగిలిన చుక్కల మీద నీ ఇష్టం, పువ్వులే వేస్తావో ఏం వేస్తావో."

ఆమె ఏడు చుక్కలూ పెట్టి చూసింది. నాలుగింటి మీద ఛత్రీలు, మూడు ఖాళీ. ఒక కన్ను మూసి మళ్లీ చూసింది.

"సూర్యుని ఏడు గుర్రాలల్ల మూడు ఛుట్టీ మీద వోయినట్టున్నయ్" అంది. "మా కార్ఖానల మనుషులు గూడ గంతే అన్నా. దివాలీకి ఊరికి వోతే సగం మంది ఇంక తిరిగి రాలే."

ఆమె మెచ్చుకోలు అలాగే ఉంటుంది. నాగభూషణం టేపు తెచ్చి, ఈసారి ప్రతి దూరమూ కొలిచాడు. చుక్కలు అక్కడక్కడా రెండేసి వేళ్లు తేడాగానే ఉన్నాయి. వాటిని ఆయన జరపలేదు. టేపు ఎంత చెబితే అంతే లాప్‌టాప్‌లో ఎక్కించుకున్నాడు. నెల రోజుల కింద చెయ్యాల్సిన పని అది.

మధ్యాహ్నం సూర్యుడు డిష్‌ల ముందుకొచ్చాడు. ఆకాశం మబ్బుగా ఉంది, కంటికి కనబడలేదు. గీత లేచింది, పడింది, అలలల్లుకుంటూ సాగింది. గుమ్మడికాయ తగ్గింది, నిమ్మకాయ పెరిగింది, రెండూ కలిసి ఒక్క చోటికి వచ్చి ఆగాయి. చిటికెనవేలి వెనక దాక్కునేంత సూర్యుడు. తెలిసిన జవాబే. ఆ తెలిసిన జవాబును నాగభూషణం కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

ఇందుజ సాయంత్రం ఫోను చేసింది. "సార్, ఇది సూర్యుడేనండీ. రేపు మీరూ ఉంటున్నారు. ఇంతకీ తప్పెక్కడ?"

"ఒక డిష్ గజం పక్కకి ఉందమ్మా. నేను చూసుకోలేదు."

"గజమా?" అంది ఇందుజ. నవ్వు ఆపుకుంటోందని ఆయనకు అర్థమైంది. ఆపుకున్నందుకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

ఆదివారం బిల్డింగు సగం డాబా మీదికొచ్చింది. మార్కండేయ స్నానం చేసి బొట్టు పెట్టుకుని మరీ వచ్చాడు. సూర్యుణ్ని వింటారంటే ఏదో మోత, కనీసం ఒక గుయ్యిమనే శబ్దమైనా ఉంటుందని అందరూ అనుకున్నారు. నాగభూషణం లాప్‌టాప్ మీద గీత చూపించాడు. అది లేచి పడుతూ సాగి, కాసేపటికి చదునైపోయింది. సూర్యుడు జరిగిపోయాడు.

"గింతేనా సార్?" అన్నాడు మార్కండేయ.

"ఇంతే."

"మంచిగుంది" అన్నాడు మార్కండేయ, అదే గొంతుతో. ఊర్మిళ ఢోక్లా పళ్లెం తెచ్చి అందరికీ పంచింది. ఛత్రీల వరస ఇప్పుడు చక్కగా ఉందని గుజరాతీలో భాగ్యలక్ష్మితో అంది. భాగ్యలక్ష్మి వినీ విననట్టు ఇంకో ముక్క ఢోక్లా తీసుకుంది.

పొద్దు వాలేసరికి బృందం ఫలితాలన్నీ ఒక్క చోట చేరాయి. పెద్ద విశేషమేమీ లేదు. ఆ రోజు సూర్యుడు చాలా మర్యాదగా ఉన్నాడని ఏడెనిమిది ఊళ్లవాళ్లు కలిసి తేల్చారు. ఉధ్నా అంకె మిగతావాళ్లందరి అంకెలకు దగ్గరగా ఉంది. దాన్ని ఎవరూ ప్రత్యేకంగా మెచ్చుకోలేదు, ఎవరూ వేలెత్తి చూపలేదు. రేపటి నుంచి వీలైనవాళ్లు రోజూ కొలిచి పంపితే ఏడాది పొడవునా లెక్క కడదామని ఇందుజ రాసింది. వీలవుతుందని నాగభూషణం అందరికన్నా ముందు జవాబిచ్చాడు. అంత తొందర చూపించకుండా ఉండాల్సిందని తరవాత అనిపించింది గానీ, అప్పటికే వెళ్లిపోయింది.

అన్నం తిని పక్క మీద వాలాడు. ఆయన మంచం డాబా మెట్ల పక్క గోడకే ఉంటుంది. చలి ముదిరేకొద్దీ మధ్యాహ్నపు సూర్యుడు రోజూ కాస్త కిందికి దిగుతాడు. రేపు డిష్‌లు నాలుగూ కొంచెం వంచాలి, కాఫీ తాగగానే పైకి వెళ్లాలి. ఆ లెక్క సగంలో ఉండగానే కళ్లు మూతలు పడ్డాయి. మెట్ల మీద భాగ్యలక్ష్మి గాజుల చప్పుడు వినిపించింది. ఆరేసిన బట్టలు తీసుకుని దిగుతున్నట్టుంది. పైన డాబా తలుపు ఇనపది; విసిరేస్తే బిల్డింగంతా లేస్తుంది. ఆమె బట్టల మూట భుజానికి మార్చుకుని, తలుపును రెండు చేతులా పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, గడియ మెల్లగా జరిపి, కిందికి దిగి వెళ్లిపోయింది.